గేటు చీటీ

మూడోసారి తుడుస్తున్నాడు. పాత బనీను ముక్క మీద నాలుగు చుక్కల కిరసనాయిలు వేసుకుని, వాల్వు సీటు చుట్టూ బొటనవేలు ఒత్తి తిప్పుతున్నాడు ఫెర్మిన్. తుడవడానికి అక్కడ ఏమీ లేదు. పంచదార మిల్లులో పాకం కాచే పెనాన్ని పాతసామానుకు వేసినప్పుడు అడిగి తెచ్చుకున్న కంచు అది. నాలుగేళ్లుగా వంటింటి బల్ల కింద గోనెసంచిలో ఉంది. నెలకోసారి బయటికి తీసి తుడిచి మళ్లీ సంచిలో పెట్టేవాడు.

రెండే ముక్కలు. అన్నం పళ్లెమంత సీటు, దాని మీద కూర్చునే మూత. సీటు మీద అడ్డంగా బియ్యపుగింజ పట్టేంత గాడి. మూత వెనక పంచ్‌తో కొట్టిన అంకెలు, 79. అంకెల పక్కన మూడు చుక్కలు. చుక్కలు ఫెర్మిన్ గుర్తు. ఆ మిల్లులో ప్రతి మేస్త్రీకీ ఒక గుర్తు ఉంటుంది.

అరవయ్యొక్క ఏళ్ల మనిషి. పొట్టి. కుడి బొటనవేలు చివర చదునుగా నలిగి ఉంటుంది, గోరు మళ్లీ మొలవలేదు. అరచేతి గీతల్లో పేరుకున్న నలుపు ఏ సబ్బుకూ పోలేదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఒకే బల్ల ముందు నిలబడి వాల్వులు విప్పాడు, మూత సీటుకు అతికేలా నూరాడు, బిగించాడు. ఊళ్లో ఇంటిపేరు పెట్టి అర్గన్యరాస్ ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు. వాల్వుల ఫెర్మిన్ అంటే చెబుతారు.

మాతె ఆకు కషాయం చల్లారిపోయింది. పీల్చే గొట్టం చేదెక్కింది. అలాగే తాగాడు.

పెరటి గోడ మీద గిన్నె మూత టకటకమని రెండుసార్లు మోగింది.

రెండిళ్లకూ మధ్య ఉన్న గోడ అది. ఒకచోట పై వరస ఇటుకలు ఊడిపోయి చిన్న కిటికీలా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడ నీలం ఎనామిల్ గిన్నె వస్తుంది. అతను ఖాళీ చేసి సాయంత్రానికి అక్కడే పెడతాడు. గిన్నె చనిపోయిన అతని భార్య ఎలోయిసాది, పెళ్లినాటిది, అంచున రూపాయంత పెచ్చు ఊడింది. వంట ఎలోయిసా చెల్లెలు నెలిదాది. పదేళ్లుగా ఒక్క రోజు తప్పలేదు. మొంతెరోస్‌లో ఉన్న తన కూతురు వచ్చేయమని ఏటా పిలుస్తుంది. "ఈ మొద్దుకి గిన్నెడు కూడు ఎవరు పెడతారే" అని నెలిదా ఏటా వాయిదా వేస్తుంది.

ఇవాళ గిన్నె ఉదయమే వచ్చింది. గోడ వెనక నెలిదా ముఖం కూడా కనిపించింది. జుట్టు గట్టిగా లాగి ముడి వేసింది. నల్ల గౌను.

"బావా, మొక్కజొన్న పులుసు. వచ్చాక వేడి చేసుకో. బొత్తాలు సరిగ్గా పెట్టుకున్నావా, కోర్టుకీ మిల్లుకి పోయినట్టే పోతావా?"

"పెట్టుకున్నా."

"పైది వదిలేశావు. కళ్లు లేవనుకున్నావా నాకు?"

పై బొత్తాం పెట్టుకున్నాడు. అది మెడకు పట్టేసింది.

బస్సు దగ్గర బ్రిజ్వేలా ముందే వచ్చి ఉన్నాడు. యాభై ఏళ్ల లావాటి మనిషి, మిల్లు మానేసి సొంతంగా వర్క్‌షాపు పెట్టుకున్నాడు. పదకొండుమంది పని చేస్తారు. గాడి ఉన్న వాల్వులు చేసి చుట్టుపక్కల మిల్లులకు అమ్ముతున్నాడు. బ్యూనస్ ఐరిస్ కంపెనీ ఒకటి దావా వేసింది. ఆ గాడి మా ఇంజనీరు కనిపెట్టాడు, పేటెంటు మాది, నీ వర్క్‌షాపు మూసెయ్ అంది. పేటెంటు కాగితం మీద తేదీ 1979 ఫిబ్రవరి తొమ్మిది.

గాడి చిన్న సంగతే. పెనంలోకి చెరకురసం వదిలే వాల్వులో పంచదార పేరుకుని మూత అతుక్కుపోయేది. మనుషులు సుత్తితో కొట్టేవారు, మూత వంగేది. సీటు మీద గాడి తీస్తే మూత లేచేముందు వెంట్రుకవాసి ఆవిరి దూరి పంచదారను కరిగిస్తుంది. మూత దానంతట అదే లేస్తుంది. అంతకుముందు ఎవరికీ తట్టలేదు. ఫెర్మిన్‌కు తట్టింది. బిగించిన నెలకు బ్యూనస్ ఐరిస్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి, వర్క్‌షాపులో అందరి ముందూ వాల్వు విప్పించి చూసి, బాగుందని భుజం తట్టి, పుస్తకంలో బొమ్మ గీసుకుపోయాడు.

ఆ తేదీకి ముందే వాల్వు ఉందని తేలితే కంపెనీ కాగితం చెల్లదు. కానీ మూత మీద 79 ఉంది. బయటివాళ్లకు అది 1979. మిల్లులో లెక్క వేరు. అక్కడ చేసిన సంవత్సరం కొట్టరు, రాబోయే కోత సంవత్సరం కొడతారు. నవంబరులో కోత ముగిశాక, ఆ దేశంలో అప్పుడు వచ్చే వేసవంతా మరమ్మతులు. నవంబరులో చేసినా మేలో చేసినా, తర్వాతి కోత నంబరే పడుతుంది. ఇదంతా బ్రిజ్వేలా కోర్టుకు చెప్పాడు, కోర్టు నమ్మింది. నమ్మినా ఫిబ్రవరి తొమ్మిది సరిగ్గా మధ్యలో ఉంది. అందుకే ఇప్పుడు రోజు కావాలి. ఆ రోజేదో నోటితో చెప్పగలిగినవాడు ఫెర్మిన్ ఒక్కడే.

బ్రిజ్వేలా గోనెసంచి అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"మేస్త్రీ, అడిగినదానికే జవాబు. ఒక్క ముక్క ఎక్కువొద్దు."

"నేనెప్పుడు ఎక్కువ మాట్లాడా?"

"అదే నా భయం. పదకొండు ఇళ్ల తిండి ఆ నోట్లో ఉంది. ఆ నోరేమో తుప్పు పట్టిన వాల్వాయె."

"సుత్తితో కొట్టు, తెరుచుకుంటుంది" అంది వెనక సీట్లోంచి, తనూ సాక్ష్యానికి వస్తున్న నెలిదా.

బ్రిజ్వేలా పగలబడి నవ్వాడు. ఫెర్మిన్ నవ్వలేదు.

కోత కాలం. నరికేముందు ఆకు పోవాలని చేలల్లో చెరకు తగలబెడుతున్నారు. బస్సు కిటికీల్లోంచి మసి పేలికలు వచ్చి ఒళ్లో పడుతున్నాయి. ఊరి చివర పచ్చ గేటున్న ఇల్లు వచ్చింది. మిల్లు ఫోర్మన్ ఒసోరెస్ ఇల్లు. ఒసోరెస్ పోయి మూడేళ్లయింది. అతని ముసలి పెళ్లాం వాకిలి ఊడుస్తోంది.

నెలిదా ముఖం తిప్పుకుంది. "గేటుకి కొత్త రంగు. మా అక్కకి ఒక్క పూట ఇవ్వని మనిషి గేటుకి రంగులు."

ఎలోయిసా పోయిన రోజు ఫోర్మన్ తనను మిల్లు నుంచి వదల్లేదని ఫెర్మిన్ చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు. ఆ ఒక్క మాటే నెలిదాకు పదేళ్లు సరిపోయింది. దుకాణంలో ఒసోరెస్ పెళ్లాం కనిపిస్తే సరుకు వదిలేసి బయటికి వచ్చేది. ఒసోరెస్ శవం ఇంట్లో ఉన్న రోజు రేడియో గట్టిగా పెట్టింది, వీధంతా వినపడేలా. ఫెర్మిన్ తన ఇంట్లో కూర్చుని ఆ పాటలన్నీ విన్నాడు. ఆపమనలేదు.

ఇప్పుడూ తన బూట్ల వైపు చూశాడు.

కోర్టు గది రెండో అంతస్తులో ఉంది. జడ్జి రాలేదు. ఆయన బదులు బట్టతల కార్యదర్శి, టైపు మిషను ముందు ఒక అమ్మాయి. బ్రిజ్వేలా తరఫున సమూదియో అనే లాయరమ్మ. కంపెనీ తరఫున సన్నటి గొంతు వకీలు. బల్ల మీద కాగితాలు పరిచి వాటి మీద వాల్వు పెట్టారు. దారంతో చీటీ కట్టారు. కంచు మీద కిటికీ వెలుగు పడింది. ఫెర్మిన్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అంత వెలుగులో దాన్ని ఎప్పుడూ చూడలేదు.

ముందు నెలిదాను పిలిచారు. పుట్టుకలూ చావులూ రాసే సర్కారు కుటుంబ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఎలోయిసా మరణం రాసి ఉంది. 1978 డిసెంబరు పద్నాలుగు, సాయంత్రం నాలుగూ పది.

"ఆ రోజు మీ బావగారు ఎక్కడున్నారమ్మా?" సమూదియో అడిగింది.

"మిల్లులో. పదింటికే కబురు పంపా. మా అక్క నాలుగింటిదాకా 'వచ్చాడా, వచ్చాడా' అని అడుగుతూనే ఉంది. ఫోర్మన్ వదల్లేదు. వాడి పేరు ఒసోరెస్. రాసుకో అమ్మాయ్, ఒసోరెస్. స్పెల్లింగు చెప్పనా?"

టైపు మిషను టకటకలాడింది. నెలిదా సంతకం పెట్టి వెనక బెంచీ మీద కూర్చుంది. చేతిసంచి మోకాళ్ల మీద, వీపు నిటారుగా.

ఫెర్మిన్ ప్రమాణం చేశాడు. సమూదియో అడిగినవన్నీ తేలిక. ఈ వాల్వు మీరే చేశారా? చేశాను. ఎప్పుడు ముగించారు? మా ఆవిడ పోయిన రోజు. స్టోరు పుస్తకం చూపించింది. డిసెంబరు పద్నాలుగు, సాయంత్రం అయిదున్నర, ఒక కంచు వాల్వు, గాడిది, ఎఫ్. అర్గన్యరాస్. కింద ఫోర్మన్ సంతకం. బ్రిజ్వేలా రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పని అయిపోయినట్టే అనుకున్నాడు.

కంపెనీ వకీలు లేచాడు. ఇంకో పుస్తకం తెరిచాడు.

"అర్గన్యరాస్ గారూ, ఇది మిల్లు సెలవుల పుస్తకం. డిసెంబరు పద్నాలుగు. ఉదయం పదింబావుకి మీకు గేటు చీటీ ఇచ్చినట్టు ఉంది. 'భార్యకు ప్రాణం మీదికి వచ్చింది, వెంటనే పంపాలి' అని ఫోర్మన్ రాశాడు. ఇది ఆయన చేతిరాతేనా?"

సమూదియో పెన్ను ఆగింది. ఆ పుస్తకం ఆమె చూడలేదు.

ఫెర్మిన్ చూశాడు. ఒసోరెస్ రాతే. ఎడమకు వాలే అక్షరాలు.

"ఆయనదే."

"అంటే పదింబావుకి మీరు వెళ్లిపోయారు. అయిదున్నరకి వాల్వు ఎవరిచ్చారు?"

"నేనే. నేను వెళ్లలేదు."

"ఎందుకు వెళ్లలేదు?"

ఫెర్మిన్ నాలుకతో పెదవి తడుపుకున్నాడు. పదేళ్లుగా ఉన్న మాటే, వెతుక్కోనక్కరలేదు.

"చీటీ నా చేతికివ్వలేదు."

"పుస్తకంలో మాత్రం రాశాడు."

"రాసుంటాడు."

వకీలు తల ఊపాడు. అతనికి కావలసింది దొరికింది. "అయితే ఈ ఫోర్మన్ జరగనిది జరిగినట్టు పుస్తకంలో రాసే మనిషన్నమాట. కార్యదర్శిగారూ, స్టోరు పుస్తకంలో వాల్వు కింద ఉన్న సంతకం కూడా ఈ మనిషిదే. ఒకచోట దొంగరాత రాసినవాడు రెండోచోట రాయడని ఎలా నమ్మాలి? ఈ తేదీకి వేరే ఆధారం ఏమీ లేదు."

అమ్మాయి వేళ్లు మీటల మీద ఎదురుచూస్తున్నాయి. బ్రిజ్వేలా ముఖం మైనంలా అయింది.

ఫెర్మిన్ వాల్వు వైపు చూశాడు. గాడి అంచు వెలుగులో సన్నగా మెరిసింది. దాన్ని ఇంజనీరు పేరుతో అట్టపెట్టెలో పెట్టి తీసుకుపోతారు. వెనక్కి తిరిగి నెలిదా వైపు చూసి ఉంటే మరోలా చెప్పేవాడేమో. చూడలేదు. ఏది చెప్పాలో అతనికి తెలిసిపోయింది. నిజం మీద ప్రేమతో కాదు.

జేబులోంచి పర్సు తీశాడు. వెనక అరలో నాలుగు మడతల కాగితం ఉంది. మడతల దగ్గర చిరిగింది. విప్పి వాల్వు పక్కన పెట్టాడు.

"ఇచ్చాడు. ఇదే ఆ చీటీ. బయటికి పోతే గేటులో ఇచ్చెయ్యాలి. నా దగ్గరే ఉంది. నేను పోలేదు."

కార్యదర్శి కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. నంబరు పుస్తకంతో పోల్చాడు. సరిపోయింది.

వకీలు గొంతు మొదటిసారి పెరిగింది. "మీ భార్య చావుబతుకుల్లో ఉంటే, చేతిలో చీటీ పెట్టుకుని వాల్వు నూరుతూ కూర్చున్నారా? ఇది నమ్మాలా మేము?"

"నూరుతున్నా. సగంలో ఉంది."

"సగంలో ఆపితే పాడైపోతుందా?"

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

"పాడవదు" అన్నాడు ఫెర్మిన్. "తుడిచి మళ్లీ మొదలుపెట్టొచ్చు."

"మరి?"

"మూత కూర్చోవడం మొదలైంది. చేతికి తెలుస్తుంది అది. ఒసోరెస్ రెండుసార్లు వచ్చి పొమ్మన్నాడు. పోతాను, పోతాను అన్నా. అంతకుముందు రెండుసార్లు దానికి అలాగే అయి తేరుకుంది. ఈసారీ తేరుకుంటుందనుకున్నా."

"దానికి అంటే?"

"ఎలోయిసాకి."

టైపు మిషను ఆ పేరు దాకా వచ్చి ఆగింది.

వెనక బెంచీ కిర్రుమంది. నెలిదా ముందుకు నడిచి వచ్చింది. ఫెర్మిన్‌ను దాటి టైపు మిషను దగ్గర ఆగింది.

"అమ్మాయ్, నేను చెప్పింది కొట్టెయ్యి."

"ఏదమ్మా?"

"ఒసోరెస్ పేరు. వదల్లేదని చెప్పానే. అది కొట్టెయ్యి."

అమ్మాయి కార్యదర్శి వైపు చూసింది. ఆయన రెండు అరచేతులూ చూపించాడు. "అలా కుదరదమ్మా. సంతకం అయిపోయింది."

"అబద్ధమని తెలిశాక కూడానా?"

"మీకు తెలిసింది చెప్పారు. తప్పేం లేదు."

"తప్పు లేదా!" అంది నెలిదా. ఇంకేదో అనబోయి మానేసింది. కుటుంబ పుస్తకం తీసుకుని చేతిసంచిలో పెట్టుకుంది. సంచి గొళ్లెం పడిన చప్పుడు గదంతా వినిపించింది. బయటికి వెళ్తూ ఫెర్మిన్ వైపు చూడలేదు. మెట్ల మీద ఆమె బూట్ల చప్పుడు చివరి మెట్టు దాకా వినిపించింది.

వసారాలో బ్రిజ్వేలా అతన్ని కావలించుకున్నాడు. "గెలిచినట్టే మేస్త్రీ! గేటు చీటీ, స్టోరు పుస్తకం, రెండూ ఒకే రోజువి. ఇక వాళ్లేం చెయ్యలేరు." తర్వాత అతనికి సిగ్గేసింది, చేతులు తీసేశాడు. "ఆమెతో నేను మాట్లాడనా?"

"వద్దు."

సమూదియో కాగితాలు సర్దుకుంటూ వచ్చింది. చీటీ, వాల్వు రెండూ తీర్పుదాకా కోర్టు దగ్గరే ఉంటాయంది. ఫెర్మిన్ తల ఊపాడు. ఆమె రెండడుగులు వేశాక పిలిచాడు.

"అమ్మా, తీర్పులో నా పేరు రాస్తారా?"

"పేరా?" ఆమె ఆలోచించింది. "పేరెందుకండీ. అంతకుముందే మిల్లులో అలాంటి వాల్వు ఒకటి వాడుకలో ఉందని రాస్తారు. తేదీ ఉంటే చాలు."

"చేసినవాడు?"

"ఎవరు చేసినా ఒకటే. ముందు ఉందా లేదా, అంతే చూస్తారు."

బ్రిజ్వేలా భోజనానికి పిలిచాడు. ఫెర్మిన్ రానన్నాడు. నెలిదా ముందు బస్సుకే వెళ్లిపోయింది; అతను గంటన్నర ఆగి తర్వాతి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒళ్లో ఖాళీ గోనెసంచి. దాన్ని నాలుగు మడతలు పెట్టాడు, మళ్లీ విప్పాడు. కోతవాళ్ల లారీ ఒకటి ఎదురొచ్చి దుమ్ము లేపింది. ఒసోరెస్ ఆఖరి ఏడేళ్లూ రోజూ ఫెర్మిన్ బల్ల పక్కనుంచి నడిచేవాడు. ఊళ్లో తన గురించి ఏమనుకుంటున్నారో అతనికి తెలుసు. ఎందుకలా చెప్పావని ఒక్కసారీ అడగలేదు. పలకరించడం మాత్రం మానేశాడు. అడిగి ఉంటే చెప్పేవాణ్నని ఫెర్మిన్ చాలాసార్లు అనుకున్నాడు. చెప్పేవాడు కాదు.

ఊళ్లో దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర. అందరూ పడుకునే వేళ. తలుపులన్నీ మూసి ఉన్నాయి, కుక్కలు కూడా గోడల నీడన పడుకున్నాయి. ఆ వేళ ఎవరి తలుపూ ఎవరూ తట్టరు.

పచ్చ గేటు ముందు నెలిదా నిలబడి ఉంది.

నల్ల గౌనులోనే ఉంది. కాళ్ల దగ్గర తాడు కట్టిన పెట్టె. గేటుకు అవతల ఒసోరెస్ పెళ్లాం, నిద్రలోంచి లేచి వచ్చిన ముఖంతో, శాలువా ఒక భుజం మీద వేలాడుతూ. నెలిదా ఏదో చెబుతోంది. రెండు చేతులతో గేటు ఊచలు పట్టుకుంది. ముసలామె వింటోంది. గేటు తీయలేదు. వెళ్లమనీ అనలేదు.

ఫెర్మిన్ రోడ్డుకు ఇవతల చెరకు బండి వెనక ఆగాడు. మాటలు వినిపించలేదు. నెలిదా చెప్పడం అయిపోయింది. ఇద్దరూ కొంచెంసేపు ఊరికే నిలబడ్డారు. తర్వాత ముసలామె ఊచల మధ్యనుంచి చెయ్యి బయటపెట్టి, నెలిదా భుజం మీద పడిన మసి పేలిక ఒకటి దులిపింది. గేటు మాత్రం తీయలేదు. లోపలికి వెళ్లిపోయింది.

అతన్ని దింపిన బస్సే తిరిగి వచ్చింది. అది మొంతెరోస్ మీదుగా పోతుంది. నెలిదా చెయ్యెత్తింది. పెట్టె ఎత్తడానికి కండక్టరు దిగాడు. ఎక్కాక ఆమె ఇవతలి వైపే కూర్చుంది, కిటికీ దగ్గర. బండి వెనక ఉన్న మనిషిని చూసిందో లేదో తెలియదు. ముఖం తిప్పుకోలేదు. పదేళ్లు ఆ గేటు ముందు తిప్పుకున్న ముఖం ఇవాళ తిన్నగా ముందుకు చూస్తోంది.

బస్సు కనుమరుగయ్యాక ఫెర్మిన్ ఇంటికి నడిచాడు. పక్కింటి కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. తాడు మీద బట్టలు లేవు. వంటింటిలోకి వెళ్లాడు. పొద్దున తెచ్చి పొయ్యి మీద పెట్టిన గిన్నె కనిపించలేదు. ఇన్నాళ్లూ తన దగ్గర ఉన్న ఈ ఇంటి తాళంచెవి నెలిదా బల్ల మీద పెట్టి వెళ్లింది. దాని పక్కన పళ్లెంలో పులుసు ఉంది, మీద ఇంకో పళ్లెం మూసి. అతను తినాల్సింది వదిలేసి, అక్క గిన్నె ఒక్కటే తీసినట్టుంది.

పై బొత్తాం విప్పుకున్నాడు. పెరట్లోకి వచ్చాడు.

గోడలో ఇటుకలు ఊడిన చోట ఎలోయిసా నీలం గిన్నె ఉంది. శుభ్రంగా తోమి, బోర్లించి ఉంది. పెచ్చు ఊడిన అంచు అతని వైపు తిరిగి ఉంది. ఆ అంచున నీటిబొట్టు ఒకటి ఇంకా ఆరలేదు, అడుగు మీద మాత్రం చెరకు మసి అప్పుడే రాలడం మొదలైంది.